అశ్వవీరులు, భూతములు, అధిక్షేప చిత్రములు - తిరువొత్తియూరు శాసనముతో ఒక తులనాత్మక పరిశీలన

చెన్నపురికి ఉత్తరమున, సముద్రతీరమున నున్న తిరువొత్తియూరు తెలుగువారికి సంగీతము మూలమున సుపరిచితమైన క్షేత్రము. త్యాగరాజస్వామి ఇచ్చటి త్రిపురసుందరీదేవిపై తెలుగున ఐదు కృతులను రచించెను. ఆయన శిష్యుడగు వీణ కుప్పయ్యరు పేరును ఈ క్షేత్రమును స్మరించునపుడెల్ల తలపునకు వచ్చును. కాని అమ్మవారి సన్నిధిని దర్శించి మరలువారిలో ఆలయపు గోడలపై చెక్కియున్న శాసనములను పరికించువారు కొలదిమంది మాత్రమే. ఆ శాసనములలో ఒకటి ఒక యోధుని కథను చెప్పుచున్నది. ఆ కథను యూరపు ఖండమున రాగిరేకులపై చెక్కబడిన వేరొక విధమైన యోధుల కథల ప్రక్కన నుంచి చూచినచో, వీరమునకును హాస్యమునకును గల సంబంధము కొంత స్పష్టపడగలదు. ఈ వ్యాసమున ఆ ప్రయత్నము చేయబడుచున్నది.

ఆంగ్లేయుల కాలము నాటి బంగళాలలోను, గ్రంథాలయములలోను, నేటి హోటళ్ల మెట్లదారులలోను, అద్దము బిగించి చట్రము కట్టిన పాత ముద్రాచిత్రములు కానవచ్చుట కలదు. వానిలో ఒక తెగ విచిత్రమైనది. ఇనుప కవచము తొడిగిన అశ్వవీరుడు, అనగా నైటు, వణకుచుండును. ఎదుట తెల్లని దుప్పటి కప్పుకొన్న దయ్యము నిలిచియుండును. చూపరులు చిరునవ్వు నవ్వి సాగిపోవుదురు. ఆ చిత్రమును ఎవరు చెక్కిరో, ఎవరిని చూచి నవ్వుటకు చెక్కిరో, ఎవరును అడుగరు. చట్రము చిత్రమును కాపాడినది, అర్థమును కాపాడలేదు. ఈ నష్టము ఎట్లు కలిగినదో తెలిసికొనుట అవసరము. ఏలయన తెలుగువారి బొమ్మల విషయమునను నేడు ఇదే జరుగుచున్నది.

మొదట ఈ చిత్రములు పుట్టు విధమును తెలిసికొనవలెను. నునుపు చేసిన రాగిరేకుపై చిత్రకారుడు ఉక్కు ఉలితో గీతలను తవ్వును. తవ్విన గీతలలో సిరా నింపి, పైభాగమును శుభ్రముగా తుడిచి, తడిపిన కాగితమును దానిపై పరచి, యంత్రపు రోలర్ల మధ్య గట్టిగా ఒత్తుదురు. గీతలోని సిరా కాగితమున కెక్కును. చెక్కినది కుడియెడమలుగా తారుమారై అచ్చుపడును. చిత్తరువు ఒక ధనవంతుని గోడకు చెందును గాని, ముద్రాచిత్రము వందలకొలది ప్రతులుగా వెలువడి సామాన్యుని చేతికిని చేరును. అధిక్షేపమునకు అనేకుల చూపు కావలెను. కనుకనే అది ఈ విద్యను ఆశ్రయించినది.

ఇక యోధుడును దయ్యమును ఒకే చిత్రమున ఏల చేరిరి? ఇరువురును గతకాలపు అధికారమునకు ప్రతినిధులు. కవచమున్నది, లోపల మనిషి లేడు, ఇది నైటు. మనిషి రూపమున్నది, లోపల దేహము లేదు, ఇది దయ్యము. ఇరువురును బోలుగా నుండువారే. 1764లో హొరేసు వాల్పోలు రచించిన ఒట్రాంటో దుర్గము అను నవలలో ఆకాశము నుండి పడినట్లు ఒక మహాశిరస్త్రాణము ప్రత్యక్షమై రాజకుమారుని నలిపి చంపును. అచ్చట వీరుని తలపాగయే దయ్యమైనది. ఆ నవలను చదివి భయపడినవారు కలరు, నవ్వినవారును కలరు. అదిమొదలు కవచమును ప్రేతమును అధిక్షేపకారులకు జంటవస్తువులైనవి. 1802లో జేమ్సు గిల్రే చెక్కిన ఒక చిత్రమున కొందరు స్త్రీలు రాత్రివేళ దీపపు వెలుగున చేరి, అట్టి భీతిగొలుపు కథను చదువుచు గడగడలాడుచుందురు. గిల్రే దయ్యమును హేళన చేయలేదు. దయ్యపు కథను కొని చదివి భయమును వినోదముగా అనుభవించు అలవాటును హేళన చేసెను.

ఈ మార్గమున ముందు నడచినవాడు విలియం హోగార్తు (1697-1764). ఆయన యౌవనమున పేరు తెచ్చినవి హ్యుడిబ్రాసు కావ్యమునకు 1726లో చెక్కిన 12 పెద్ద చిత్రములు. ఆ కావ్యకర్త సామ్యుయెలు బట్లరు. అందలి నాయకుడు నైటు అను బిరుదు గలవాడు; పొట్ట పెద్దది, మాటలు పెద్దవి, ధైర్యము చిన్నది. రాల్ఫో అను సేవకుని వెంటబెట్టుకొని లోకమును సంస్కరింప బయలుదేరి, పోయినచోటనెల్ల దెబ్బలు తినును. స్పెయిను దేశపు డాన్ క్విక్సోటునకు ఇతడు ఆంగ్లేయ సంతానము. ఒక చిత్రమున ఈ వీరుడు ఒక వితంతువు ఇంట, దయ్యముల వేషము వేసికొన్నవారి నడుమ చిక్కుకొని, ప్రాణభీతిచే తన కపటములనెల్ల ఒప్పుకొనుచుండును. చూపరికి దయ్యములు కృత్రిమములని తెలియును; నైటునకు తెలియదు. హాస్యమంతయు ఈ ఎరుకల భేదముపై నిలిచియున్నది. అబద్ధపు దయ్యము అబద్ధపు వీరుని నోట నిజము పలికించుట ఈ చిత్రములోని గొప్ప ఊహ.

అయినను విమర్శకుడు ఇచ్చట ఒక ప్రశ్న వేయవలసియున్నది. బట్లరు కావ్యము 1663 మొదలుకొని మూడు భాగములుగా వెలువడినది. 1660లో ఇంగ్లండున రాజరికము తిరిగి నెలకొన్నది. బట్లరు ఎవరిని హేళన చేసెనో ఆ ప్యూరిటను పక్షము అప్పటికే ఓడి అధికారము కోల్పోయినది. హోగార్తు చిత్రించునాటికి మరి 60 ఏండ్లు గడచినవి. పడినవానిని చూచి నవ్వుట సులభము. హ్యుడిబ్రాసు చిత్రములు నైపుణ్యమున ఎంత ఉన్నతములైనను, సాహసమున మధ్యమములే యని చెప్పక తప్పదు.

అదే హోగార్తు జీవితాంతమున, 1762లో, వేరొక చిత్రమును చెక్కెను. ఆ సంవత్సరము లండను నగరమున కాక్ లేను అను వీధిలోని ఒక ఇంట దయ్యము గోడలపై తట్టుచున్నదని జనము విరుగబడి చూడబోయిరి. పండితుడగు సామ్యుయెలు జాన్సనుతో కూడిన కొందరు పెద్దలు విచారించి అది మోసమని తేల్చిరి. హోగార్తు చిత్రమున ఒక ప్రార్థనామందిరము కలదు. బోధకుడు ఒక చేత మంత్రగత్తె బొమ్మను, వేరొక చేత సైతాను బొమ్మను ఆడించుచు శ్రోతలను భయపెట్టుచుండును. శ్రోతల చేతులలో చిన్న చిన్న దయ్యపు ప్రతిమలు కలవు. ఒక ప్రక్కన జనుల ఉద్రేకమును కొలుచు ఉష్ణమాపకము నిలిచియుండును. దాని శిరస్సున కాక్ లేను దయ్యము కొలువుదీరినది. ఇచ్చట హోగార్తు పడినవానిని కొట్టలేదు. నిలిచియున్నవానిని, వేదికపైకెక్కి మాట్లాడుచున్నవానిని కొట్టెను. కనుకనే ఈ చిత్రము హ్యుడిబ్రాసు కంటె కటువైనది, విలువైనది.

స్పెయిను చిత్రకారుడు గోయా 1799లో వెలువరించిన 80 చిత్రముల సంపుటి ఈ తెగకు శిఖరము. అందొక చిత్రమున తల్లి తన బిడ్డలకు దుప్పటి కప్పుకొన్న ఆకారమును చూపి, బూచి వచ్చెనని భయపెట్టును. వేరొక చిత్రమున ఎండిన చెట్టునకు సన్యాసి అంగీ తొడిగియుండగా జనులు మోకరిల్లి మ్రొక్కుచుందురు. బట్ట తప్ప లోపల ఏమియు లేదు. తెలుగు ఇండ్ల పిల్లలకు బూచివాడు తెలియని వాడు కాడు. అన్నము తినిపించుటకు తల్లి చూపిన బూచి, పెద్దైన పిదప పీఠముపైని అంగీగా మారి మ్రొక్కులందుకొనునని గోయా భావము. ఈ చిత్రములు సజీవమైన అధికారమును తాకినవి. కొలది దినములలోనే గోయా వానిని అమ్మకము నుండి ఉపసంహరించుకొనెను. 1803లో రాగిరేకులను రాజునకే సమర్పించెను. అధిక్షేపము నిజముగా తగిలినదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

గుస్తావు డోరే 1863లో డాన్ క్విక్సోటునకు కూర్చిన చిత్రముల సంగతి వేరు. ఇవి కొయ్యదిమ్మెలపై చెక్కబడినవి. మొదటి చిత్రములలో ఒకదాన ముసలి వీరుడు కుర్చీలో కూర్చుండి పుస్తకము చేతబట్టియుండగా, గదినిండ నైటులు, రాక్షసులు, కన్యకలు అతని ఊహ నుండి వెలువడి ముసరుకొనియుందురు. డోరే చేతిలో పరిహాసము కరుణగా మారినది. ఆ నీడలు, ఆ మేఘములు, ఆ సన్నని గుఱ్ఱము చూపరిని ముగ్ధుని చేయును. కాని ఎవరిని నొప్పింపవు. చట్రములలో డోరే చిత్రములు విరివిగా కానవచ్చుటకు వాని అందమెంత కారణమో, వాని సాధుత్వమును అంతే కారణము. గోయా బూచిని భోజనశాల గోడకు వ్రేలాడదీయువారు తక్కువ.

దీనినిబట్టి చట్రమే దోషమని తలపరాదు. హోగార్తు కాలముననే ముద్రాచిత్రములను చట్రములు కట్టి గోడలకు వ్రేలాడదీయు ఆచారము కలదు. ఆయన చిత్రములకు దొంగ ప్రతులు ప్రబలగా, 1735లో చెక్కడపు పనివారి హక్కును 14 ఏండ్లు రక్షించు చట్టము పార్లమెంటున వచ్చినది. దానికి హోగార్తు చట్టమనియే పేరు. అనగా గోడపైని చిత్రము ఆనాడు బ్రతుకుతెరువు. అప్పటి చూపరికి కాక్ లేను దయ్యమును గూర్చి ఎవరును చెప్పనక్కరలేదు. నేటి చూపరికి చెప్పువారు లేరు. పైగా క్రింద నున్న పద్యములను, పేరును, తేదీని కత్తిరించి, వరుసలోని ఒక్క చిత్రమును విడదీసి అద్దములో బిగించుట కలదు. మాట పోయి ముఖము మిగులును. అధిక్షేపము అలంకారమగును.

ఇట్టి హాస్యము యూరపునకే పరిమితమా? కాదు. తిరువొత్తియూరు శాసనములలో కనుపించు చోళరాజుల కాలముననే, దక్షిణదేశమున వీరులను భూతములను ఒకచోట చేర్చిన మహాకావ్యము వెలసినది. అది తమిళమున జయంకొండారు రచించిన కళింగత్తుప్పరణి. 12వ శతాబ్ది ఆరంభమున మొదటి కులోత్తుంగచోళుని సేనాని కరుణాకర తొండైమాను కళింగమును జయించిన వృత్తాంతము దాని వస్తువు. ఈ కులోత్తుంగుడు తెలుగువారికి పరాయివాడు కాడు. నన్నయభట్టారకుని పోషించిన రాజరాజనరేంద్రుని కుమారుడు. వేంగి చాళుక్యుల బిడ్డ చోళసింహాసన మెక్కి, తన సేనలను పెన్న, కృష్ణ, గోదావరులు దాటించి కళింగముపైకి పంపెను. అనగా ఆ యుద్ధపు దారి తెలుగునేలయే.

పరణి కావ్యమున కాళికాదేవి పరివారమగు భూతములు ఆకలితో నకనకలాడుచుండును. యుద్ధము వచ్చినదని విని గంతులు వేయును. రణరంగమున ఏనుగు దంతములతో పండ్లు తోముకొని, ప్రక్కటెముకలతో నాలుక గీసికొని, శవములతో గంజి వండి బంతి కూర్చుండును. బ్రాహ్మణ భూతము, జైన భూతము, బౌద్ధ భూతము తమతమ ఆచారముల ననుసరించి గంజి అడుగును. బీభత్సమును హాస్యమును ఇంత దగ్గరగా నిలిపిన రచనలు ప్రపంచ సాహిత్యమున అరుదు. ఓడి పారిపోవు కళింగ సైనికుల వర్ణన మరియు విచిత్రము. ఒకడు వింటినారిని జంద్యముగా వేసికొని గంగాస్నానమునకు పోవుచుంటిననును. ఒకడు జుట్టు పీకికొని జైనుడననును. నెత్తుట తడిసిన బట్ట చుట్టుకొని బౌద్ధభిక్షువు వేషము కట్టువాడొకడు. కొందరు ఏనుగుల గంటలను తాళములుగా పట్టుకొని, తాము తెలుగుపాటకులమని, యుద్ధమును చూచి దిగ్భ్రాంతులమై నిలిచితిమని చెప్పి బ్రతికిపోవుదురు. ఆనాటి తమిళ కవి దృష్టిలో తెలుగువాడనగా తాళము పట్టి పాడువాడు, ఆయుధము లేనివాడు, చంపదగనివాడు. ఈ చిన్న ప్రస్తావన తెలుగువారి సాంస్కృతిక చరిత్రకు విలువైన ఆధారము.

హ్యుడిబ్రాసు విషయమున వేసిన ప్రశ్ననే ఇచ్చటను వేయవలెను. జయంకొండారు ఎవరిని చూచి నవ్వెను? ఓడినవారిని. గెలిచిన తొండైమాను ఎచ్చటను హాస్యాస్పదుడు కాడు. ఇది ఆస్థానకావ్యపు పరిమితి. అయితే భూతముల భాగమును మనసుపెట్టి చదివినచో వేరొక ధ్వని వినబడును. ఆ విజయము వలన కడుపు నిండినది ఎవరికి? భూతములకు. రాజును దీవించునవి ఎవరు? భూతములే. కవి ఉద్దేశించినను ఉద్దేశింపకున్నను, విజయపు లెక్కను శవముల గంజితో కొలిచిన ఆ వంటశాల చిత్రము జయస్తుతిని లోలోపల ప్రశ్నించుచునే యున్నది. ఈ రెండర్థముల బలము వలననే ఆ కావ్యము రాజ్యము పోయినను నిలిచినది.

ఇప్పుడు తిరువొత్తియూరు శాసనమునకు రావలెను. క్రీ.శ. 949లో తక్కోలము వద్ద రాష్ట్రకూట తృతీయకృష్ణునకును చోళులకును ఘోరయుద్ధము జరిగినది. చోళ యువరాజు రాజాదిత్యుడు ఏనుగుపై నుండగనే మరణించెను. అతనికి ఆప్తుడగు కేరళదేశపు యోధుడొకడు ఆ సమయమున ప్రక్కన లేకపోయెను. ప్రభువుతో కూడ మరణింపలేకపోతినను సిగ్గుతో అతడు లోకమును విడిచి, గంగాస్నానము చేసి, తిరువొత్తియూరున నిరంజనగురువు నాశ్రయించి సన్యసించి, చతురాననపండితుడను పేర ఇచ్చటి మఠమున కధిపతి యయ్యెను. ఈ వృత్తాంతము సంస్కృత శ్లోకములలో ఇచ్చట చెక్కబడినది. విశేషమేమనగా, ఆ శాసనము గెలిచిన కృష్ణుని 20వ రాజ్యసంవత్సరమున వ్రాయబడినది. గెలిచినవాని ఏలుబడిలో, ఓడినవాని దుఃఖము రాతికెక్కినది. చతురాననుడను పేరు ఆ మఠాధిపతులకు పరంపరగా వచ్చినది. మొదటి రాజేంద్రచోళుని కాలమున అదే పేరుగల మఠాధిపతి ప్రోత్సాహమున, వీరచోళ తచ్చన్ అను బిరుదుగల రవి అను శిల్పి గర్భాలయమును శిలతో పునర్నిర్మించెను.

కళింగపు సిపాయి గంగాస్నానము పేరు చెప్పి ప్రాణము దక్కించుకొనెను. కేరళపు యోధుడు ప్రాణము దక్కెనను సిగ్గుతో నిజముగా గంగాస్నానము చేసెను. ఒకనిది వేషము, వేరొకనిది వ్రతము. బాహ్యమున ఇరువురును యుద్ధము నుండి మిగిలినవారే, ఇరువురును సన్యాసులుగా కనుపించినవారే. పరణికవి చేతబడినచో చతురాననుడును హాస్యపాత్ర కాగలవాడు. అతనిని శాసనకవి గౌరవముతో నిలిపెను. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచినపుడు అధిక్షేపమునకు గల హద్దు తెలియును. ధైర్యమున్నదని చాటుకొనువాని కవచమును తట్టి చూపుట హాస్యపు ధర్మము. తన కొరతను తానే ఎరిగి తలవంచినవానిపై హాస్యమునకు అధికారము లేదు. అతనిని వెంటాడు భూతము దుప్పటి కప్పుకొన్నది కాదు. మరణించిన మిత్రుని జ్ఞాపకము.

తెలుగువారి స్వంత సంప్రదాయమున ఈ వివేకము తోలుబొమ్మలాటలో కానవచ్చును. చర్మమును పలుచగా సిద్ధపరచి, పలువిధములైన ఉలులతో రంధ్రములు చెక్కి, రంగులు వేసి, తెరవెనుక దీపము నుంచి ఆడింతురు. ఇదియు ఒక చెక్కడపు విద్యయే. రాగిరేకునకు సిరా ఎట్టిదో, తోలుబొమ్మకు వెలుగు అట్టిది. రామరావణ యుద్ధము సాగుచుండగా నడుమ కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దూరి, వీరుల గంభీరవచనములకు మోటు వ్యాఖ్యానము చేయుదురు. ఊరి పెద్దలకును, ఆనాటి ధరలకును, అధికారులకును చురకలు తగులును. పురాణవీరుని కించపరచక, పురాణము పేర గర్వించు నేటివానిని నవ్వించు నేర్పు అందున్నది. కథ ప్రాచీనము, హాస్యము వర్తమానము. హోగార్తు 1762లో సాధించినది మన పల్లెల తెరలపై రాత్రి తెల్లవార్లు జరిగినది.

దయ్యము విషయమునను తెలుగు హాస్యము వెనుకబడలేదు. గురజాడవారి కన్యాశుల్కమున పూజారి గవరయ్య దయ్యమును సీసాలో బంధించితినని నటించు ఘట్టము కాక్ లేను చిత్రమునకు తగిన జత. ఖాళీసీసాను చూచి లుబ్ధావధానులు వణకుట, ఖాళీ అంగీకి గోయా జనులు మ్రొక్కుట ఒక్కటే. ఇక చిత్రకళలో, 1924లో చెన్నపురిని స్థాపితమైన భారతి పత్రికలో తలిశెట్టి రామారావుగారు 1930 ప్రాంతములందు వేసిన వ్యంగ్యచిత్రములు తెలుగు కార్టూనుకు నాంది. అదే నగరమున 1947లో ఆరంభమైన చందమామలో శంకర్, అనగా కె.సి. శివశంకరన్‌గారు, చిత్రించిన విక్రమార్క బేతాళుల బొమ్మ తెలుగు పిల్లల తరములకు కంఠస్థమైనది. ఒక చేత కత్తి, భుజమున శవము, చుట్టును శ్మశానము. అది పరిహాసచిత్రము కాదు. కాని వీరుడు మౌనముగా మోయుచుండగా భూతము ప్రశ్నలడుగుట యందలి పరిహాసము చిన్నది కాదు. ఆ బొమ్మను దాని కథ నుండి విడదీసినచో మిగులునది కత్తియు శవమును మాత్రమే.

నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట తోలుబొమ్మల పనివారు దీపపు గుమ్మటములను, గోడకు వ్రేలాడదీయు చట్రపు బొమ్మలను చేసి జీవించుచున్నారు. ఆ గ్రామపు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఆట తగ్గిన కాలమున చట్రము ఆ కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. దానిని నిందించుట అన్యాయము. హోగార్తునకు గోడ ఎట్లు బ్రతుకుతెరువైనదో వారికిని అట్లే. కాని అద్దము వెనుక రాముడు రాముడుగా నుండగలడు, హనుమంతుడు హనుమంతుడుగా నుండగలడు. కేతిగాడు నుండలేడు. అతని ప్రాణము అతని నోటిలో నున్నది. నోరులేని కేతిగాడు వికారమైన బొమ్మ మాత్రమే.

కావున తెలుగు సంఘములు, గ్రంథాలయములు చేయదగిన పని యొకటి కలదు. ఏ హాస్యచిత్రమును చట్రము కట్టినను, దాని క్రింద చిత్రకారుని పేరు, సంవత్సరము, ఎవరిని ఉద్దేశించి వేసినదో రెండు వాక్యములలో వ్రాసియుంచవలెను. తోలుబొమ్మ నుంచునపుడు ఆ పాత్ర పలుకు మాటలను ఆడించువారి నోటనే పలికించి భద్రపరచవలెను. పాత పత్రికలలోని వ్యంగ్యచిత్రములను వానికి మూలమైన వార్తలతో కూడ సేకరింపవలెను. తిరువొత్తియూరు శిల వేయి ఏండ్లు గడచినను ఒక యోధుని సిగ్గును మనకు తెలుపగలిగినదనగా, చెక్కినవారు రూపముతో తృప్తిపడక మాటను కూడ చెక్కినందువలననే. ఏడ్పునకు శాసనము వ్రాసికొన్న జాతి నవ్వునకును వ్రాసికొనవలసియున్నది.